జీతం నచ్చింది, మేనేజర్ ఎట్లాంటివాడో జాయిన్ కాకముందే తెలుసుకునేదెలా?

ప్రశ్న (మహబూబ్‌నగర్)
అందరికీ నమస్తే. జడ్చర్ల దగ్గర పోలేపల్లి సెజ్‌లో ఒక మందుల కంపెనీలో నాలుగేళ్లుగా క్యూసీ కెమిస్ట్‌గా, అంటే ల్యాబ్‌లో మందుల నాణ్యత పరీక్షించే పని, చేస్తున్నాను. చౌటుప్పల్ వైపు ఒక కంపెనీ నుంచి ఆఫర్ వచ్చింది. నెలకు ఆరు వేలు ఎక్కువ. సోమవారంలోపు ఏ సంగతో చెప్పమన్నారు. నా భయమంతా మేనేజర్ గురించే. ఇక్కడ మొదటి సారు బంగారం. ఆయన పోయి ఇంకొకాయన వచ్చినప్పటి నుంచి కంటికి నిద్ర లేదు. నిరుడు ముందే ఒప్పుకున్న సెలవును సద్దుల బతుకమ్మ నాడు పొద్దున్నే ఫోన్ చేసి క్యాన్సిల్ చేశాడు. గునుగు పువ్వు అంతా కోసి పెట్టుకుని, బతుకమ్మ పేర్చకుండానే బస్సెక్కాను. ఆ కొత్త కంపెనీ మేనేజర్ ఇంటర్వ్యూలో ఇరవై నిమిషాలు నవ్వుతూనే మాట్లాడాడు. ఆ నవ్వును నమ్మొచ్చా?

జవాబు (నల్గొండ)
చెల్లె, ఇంటర్వ్యూలో నవ్వనోడు ఎవరు? నువ్వేం అడిగావన్నది ముఖ్యం. హెచ్ఆర్‌కు ఫోన్ చేసి, ఒప్పుకునే ముందు సారుతో పది నిమిషాలు మాట్లాడాలని చెప్పు. అందుకే మొహం మాడ్చుకున్నారంటే సగం జవాబు దొరికినట్టే.

రెండే అడుగు. ఒకటి, నాకిస్తున్న సీటు ఎందుకు ఖాళీ అయింది? కొత్త పోస్టో, ఉన్నవాళ్లు ప్రమోషన్ మీద పోయారో అయితే ఠక్కున చెప్తారు. "ఈ కాలం పిల్లలు నిలబడరమ్మా" అని మొదలుపెడితే, ఏడాదిలో ఎంతమంది మారారో అక్కడే అడిగెయ్.

రెండోది మన క్యూసీ వాళ్లకు ప్రాణం లాంటిది. శాంపిల్ రిజల్ట్ లిమిట్ దాటితే, అదే ఓఓఎస్ వస్తే, మీ దగ్గర ముందు ఏం చేస్తారు సార్? తెలిసిన మనిషైతే సొల్యూషన్లు పారబోయనివ్వం, లెక్కలు, ఇన్‌స్ట్రుమెంట్ చూస్తాం, తప్పు ల్యాబ్‌ది కాదంటే ప్రొడక్షన్ వైపు వెతుకుతాం అంటాడు. "మా దగ్గర ఫెయిలే కావు" అన్నాడనుకో, జాగ్రత్త. కారణం తేల్చకుండా పాసయ్యేదాకా మళ్లీ మళ్లీ పరీక్షించడం కుదరదని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2006 గైడెన్స్‌లోనే చెప్పింది, 2022లో దాన్ని సవరించింది కూడా. నాకు ఒకచోట రాత్రి పదకొండింటికి ఫోన్ చేసి "తెల్లారేసరికి పాస్ రిపోర్ట్ కావాలె" అనే సారు ఉండేవాడు. ఆడిట్‌లో నిలబడి జవాబు చెప్పుకున్నది మాత్రం నేను. రికార్డులో సంతకం నాదే కదా!

జవాబు (మిర్యాలగూడ)
గేటు ముందు చాయ్ హోటల్‌ను మించిన హెచ్ఆర్ లేదు. మధ్యాహ్నం రెండింటికి షిఫ్ట్ మారేటప్పుడు పోయి కూర్చో. "సారు మంచోడేనా" అంటే అందరూ మంచోడే అంటారు. వీక్లీ ఆఫ్ నాడు ఫోన్లు వస్తాయా, తర్వాతి షిఫ్ట్‌కు రావాల్సిన రిలీవర్ రాకపోతే ఎవరిని ఆపుతారు అని అడుగు. ఇంకో సంగతి, ఈపీఎఫ్‌ఓ వెబ్‌సైట్‌లో కంపెనీ పేరు కొట్టి చూడు. ఏ నెల పీఎఫ్ ఎప్పుడు, ఎంతమందికి కట్టారో కనిపిస్తుంది. తర్వాతి నెల 15వ తేదీలోపు కట్టాలి. ప్రతి నెలా లేటైతే ఆ మేనేజర్ చేతిలో కూడా ఏం లేనట్టే. కాంట్రాక్టర్ కింద ఉన్నవాళ్లు ఆ లెక్కలో రాకపోవచ్చు, అది గుర్తుంచుకో.

జవాబు (మేళ్లచెరువు)
బిడ్డా, సిమెంటు ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్లు చేసి రిటైరైనవాణ్ణి. నా కళ్ల ముందే తొమ్మిది మంది మేనేజర్లు మారారు. మనిషిని చూసి చేరితే ఆర్నెల్లకు ఆయనే వెళ్లిపోవచ్చు. జీతం, సెలవులు, షిఫ్టులు కాగితం మీద రాయించుకో. కాగితం చేతికి రానిదే ఇక్కడ రాజీనామా ఇయ్యకు.

జవాబు (నల్గొండ)
పెద్దాయన మాట నిజమే. కానీ ఆ ఆర్నెల్లు కూడా ఎవరో ఒకరు పడాల్సిందే కదా బాబాయ్.

అడిగినవారు (మహబూబ్‌నగర్)
అందరికీ థ్యాంక్స్. శనివారం మా ఆయనతో కలిసి బండి మీద పోయి వచ్చాం. చాయ్ దగ్గర ఇద్దరు కెమిస్టులు దొరికారు. సారు కోపిష్టి అట, మీటింగులో అరుస్తాడట. కానీ ఫెయిలైన శాంపిల్‌ను పాస్ రాయమని ఎవరినీ అడగలేదట. సెలవు ఒకసారి ఇస్తే వెనక్కి తీసుకోడని వాళ్లిద్దరిలో ఉన్న అమ్మాయి రెండుసార్లు చెప్పింది. సారుతో కూడా మాట్లాడాను. సీటు ఎందుకు ఖాళీ అంటే, "ఆ అబ్బాయి నాతో పడక పోయాడమ్మా, తప్పు కొంత నాది కూడా" అన్నాడు. ఆ మాట నేను అనుకోలేదు. ఆఫర్ లెటర్‌లో వీక్లీ ఆఫ్ రాసి పంపారు, ఈ రోజు ఒప్పుకున్నాను. చౌటుప్పల్‌లో బస్టాండ్‌కు దగ్గరగా ఇద్దరికి సరిపోయే రూం ఎవరికైనా తెలిస్తే చెప్పగలరు. నీళ్ల ఇబ్బంది లేనిదైతే చాలు.