మూతపడ్డ జూట్ మిల్లులను న్యూ లానార్క్‌లా కాపాడాలా?

చంపావతి ఒడ్డు:
స్కాట్లాండ్‌లో మా అమ్మాయి దగ్గరికి వెళ్లినప్పుడు న్యూ లానార్క్ చూశాను. క్లైడ్ నది జలపాతాల దగ్గర 1786లో డేవిడ్ డేల్ మొదలుపెట్టిన నూలు మిల్లు అది. 1968లో మూతపడ్డా కూలగొట్టకుండా బాగుచేశారు. 2001లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరింది. కార్మికుల ఇళ్లలో ఇప్పటికీ జనం కాపురం ఉంటున్నారు. డేల్ అల్లుడు రాబర్ట్ ఓవెన్ ఆ మిల్లుకి మేనేజరయ్యాక పదేళ్లలోపు పిల్లల్ని పని మాన్పించి బడిలో వేశాడు. మన విజయనగరం జిల్లాలో మూతపడ్డ జూట్ మిల్లుల్లో ఒక్కదాన్నైనా, క్వార్టర్లతో సహా, తుక్కు కింద పోకముందే ఇలా నిలబెట్టాలి.

గోగునార:
మా నాన్న జూట్ మిల్లులో స్పిన్నింగ్ చేశారు. లాకౌట్ తర్వాత గ్రాట్యుటీ కోసం తిరిగి తిరిగి చనిపోయారు. ఆ షెడ్డుకి రంగులేసి టికెట్ పెడితే మేం కొనుక్కుని చూడాలా?

పొందూరు బాబు:
ముందు బతికున్న పనిని చూడండి. మా ఊళ్లో ఖద్దరు కోసం ఇప్పటికీ వాలుగ చేప దవడతో పత్తి ఏకుతున్నారు.

గోగునార:
ఓవెన్ గురించి సగమే చెప్పారు మాస్టారూ. ప్రతి కార్మికుడి దగ్గరా నాలుగు వైపులా నాలుగు రంగులున్న చెక్కముక్క వేలాడదీయించాడు. నలుపు కనబడితే నిన్న పని చెడగొట్టాడని అందరికీ తెలిసిపోవాలి. అదేం మంచితనం?

చంపావతి ఒడ్డు:
నలుపు తర్వాత నీలం, పసుపు, అన్నిటికన్నా మంచి పనికి తెలుపు. కొట్టడానికి బదులు పెట్టిన పద్ధతి అది. ఆ రోజుల్లో మిల్లు పిల్లలు ఎలాంటి దెబ్బలు తినేవారో తెలిస్తే ఇలా అనరు.

గోగునార:
నలుగురిలో పరువు తీయడం దెబ్బ కాదా?

చంపావతి ఒడ్డు:
చెక్కముక్క పట్టుకుని వేలాడతారేం? అసలు విషయానికి రండి.

పైడితల్లి భక్తుడు:
ప్లాస్టిక్ సంచులొచ్చాక మిల్లులకి నార ఇచ్చే గోగు వేసే రైతే తగ్గిపోయాడు. దాని గురించి ఎవరూ మాట్లాడరు.

గోగునార:
వస్తున్నా. మీది ఆఫీసు స్టాఫ్ కుటుంబమని మీరే ఇదివరకు రాశారు. మీరు మ్యూజియం పెడితే యజమాని ఫొటో గుమ్మం ఎదురుగా ఉంటుంది, మా నాన్న పేరు ఎక్కడా ఉండదు. నేను కూల్చమనడం లేదు. కార్మికుల హాజరు పట్టీలు, ఇవ్వని బాకీల లెక్కలు మొదటి గదిలో పెట్టండి. కమిటీలో సగం మంది కార్మికుల ఇళ్లవాళ్లు ఉండాలి.

చంపావతి ఒడ్డు:
బాకీల లెక్కలు తప్పకుండా పెట్టాలి. సగం మాత్రం కుదరదు. పాత కట్టడాల పని తెలిసినవాళ్లు నిర్ణయించకపోతే పైకప్పు రెండు వానలకు ఆగదు.

గోగునార:
పైకప్పు వాళ్లు చూసుకోనివ్వండి. లోపల ఎవరి కథ చెప్పాలో మేం తేలుస్తాం. సగానికి ఒక్కరు తగ్గినా నేను ఒప్పుకోను.