శబ్దవేధి, శబ్దభేది: ఒత్తు ఎక్కడ?

(విశాఖ మిత్రుల మాటలివి; పేర్లకు బదులు వారి పేటలు.)

సీతమ్మధార: ఒక ఎత్తుగీతి, అంటే సీసపద్యం చివర వచ్చే పద్యం, తలలో తిరుగుతూనే ఉంది. తేటగీతి, దశరథుడు చప్పుడును బట్టి బాణం వేసిన ఘట్టం. పాదం చివర ‘శబ్దవేధి’యో ‘శబ్దభేది’యో తేలడం లేదు. తిరుచ్చి ఆయుధ కర్మాగారం వారి ‘విధ్వంసక్’ రైఫిల్ గురించి రాస్తుంటే గుర్తొచ్చింది. ఎవరికైనా తడితే చెప్పండి.

గాజువాక: ముందు ఆ పొల్లు తీసేసి ‘విధ్వంసకం’ అనండి. ‘విధ్వంసక’ అని వదిలేస్తే విశాఖలో డిస్ట్రాయర్ ఓడ అనుకుంటారు. ‘యాంటీ మెటీరియల్ రైఫిల్’ని ‘పదార్థ విధ్వంసక రైఫిల్’ అనడం అసలే వద్దు. అక్కడ మెటీరియల్ అంటే పదార్థం కాదు, శత్రువు యుద్ధ సామగ్రి: రాడారు, ఆగి ఉన్న విమానం, ఇంధనం ట్యాంకు. సామాగ్రి కాదు, సామగ్రి.

ఎంవీపీ కాలనీ: వేధి. వ్యధ్ ధాతువు, తూట్లు పొడవడం. అయోధ్యకాండలో దశరథుడి నోట వాల్మీకి పలికించింది అదే. భేది భిద్ నుంచి వచ్చింది, బద్దలుకొట్టడం. మొదటిదాంట్లో ఒత్తు ‘ధ’కి, రెండోదాంట్లో ‘భ’కి. ‘శబ్దభేధి’ అని రెండింటికీ పెడితే ప్రాణం ఉసూరుమంటుంది.

గోపాలపట్నం: ఆ రెండు ధాతువులూ ఈ రైఫిల్లోనే ఉన్నాయి మాస్టారూ. ఇందులో మూడు రకాలు, తూటా కొలతలను బట్టి (మిల్లీమీటర్లలో వ్యాసం × తొడుగు పొడవు). 14.5×114 రకం వేధి. గుండు సెకనుకు వెయ్యి మీటర్ల పైచిలుకు వేగంతో ఉక్కును తొలుచుకుపోతుంది. 20×82 రకం భేది. వేగం 720 మీటర్లే, కానీ గుండులో పేలుడు మందు ఉంటుంది, తగిలాక పగిలి పగలగొడుతుంది. నెమ్మదైన గుండు త్వరగా కిందికి వంగుతుంది కాబట్టే అది గురిగా కొట్టే దూరం 1300 మీటర్లు, మిగతావాటికి 1800. మూడోది 12.7×108. గొట్టం, బోల్టు, మ్యాగజైన్, దుర్భిణి మారిస్తే ఒకటి ఇంకోటవుతుంది. దుర్భిణి ఒక్కటీ పాతదే ఉంచితే గురి తప్పుతుంది, గుండు వంపు వేరు కదా.

సీతమ్మధార: వెనక్కి తన్నడాన్ని ‘వెనుదన్ను’ అనొచ్చా?

గాజువాక: అనకండి, ఆ మాట ఇప్పుడు ఆసరాకి స్థిరపడింది. ‘తన్ను’ చాలు. గొట్టం మూతిదగ్గరి బ్రేకు ఆ తన్నులో సగానికి పైగా మింగుతుంది. మిగతాదానికి గొట్టం, బోల్టు ఉన్న భాగమంతా చట్రంలో వెనక్కి జారి, అదురు పీల్చే డ్యాంపరు మీద ఆగుతుంది.

కంచరపాలెం: కాళిదాసును మరిచారు. రఘువంశం నవమ సర్గలో వేధీ లేదు, భేదీ లేదు, ‘శబ్దపాతి’ అన్నాడు. కుండ నీళ్లలో మునుగుతున్న చప్పుడు విని ఏనుగు ఘీంకారం అనుకుంటాడు రాజు, బాణం ఆ చప్పుడు మీద పడుతుంది. ‘పాతి’లో ఉన్న ఆ పడటం ఇంకే మాటలోనూ లేదు. గోపాలపట్నం గారి గుండుకి మాత్రం అది నప్పదు. ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు. గుండు ముందు తగులుతుంది, చప్పుడు తర్వాత వినిపిస్తుంది.

గోపాలపట్నం: అయితే ధ్వనిని బద్దలుకొట్టింది కనక శబ్దభేదే!

ఎంవీపీ కాలనీ: అర్థం లాగితే ఎటైనా సాగుతుందండీ. ఛందస్సు చూద్దామంటే అదీ సాయం చేయదు. తేటగీతి చివరి రెండు సూర్యగణాలు ‘శబ్ద’, ‘వేధి’ అయితే యతి, అంటే పాదం మొదటి అక్షరంతో జత కుదరాల్సిన చోటు, ‘శ’ మీద పడుతుంది, వ–భల దాకా రాదు. పాదం చ, ఛ, జ, ఝ, శ, ష, సల్లో దేనితో మొదలైందో గుర్తుందా?

సీతమ్మధార: ‘జ’ అనే అనిపిస్తోంది. ‘జలము’తో ఏదో.