నెలలో నవల: ఈ పందెం మన రచయితలకు పనికివస్తుందా?

పెన్నా ఒడ్డు (నెల్లూరు):
1999 జులైలో శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతంలో క్రిస్ బేటీ, ఆయన మిత్రులు మొత్తం 21 మంది కలిసి నెల రోజుల్లో తలా ఒక నవల రాయాలని పూనుకున్నారు. మరుసటి ఏడు అది నవంబరుకు మారి, 30 రోజుల్లో 50,000 మాటలన్న లెక్కతో దేశదేశాలకు పాకింది. దాన్ని నడిపిన సంస్థ 2025లో మూతపడినా పందెం కట్టేవారు ఇంకా ఉన్నారు. నెల్లూరు, ఒంగోలు వాళ్లం కలిసి వచ్చే నవంబరులో దీన్ని చేపడదామని నా ప్రతిపాదన. అభ్యంతరాలుంటే చెప్పండి.

ఒంగోలు మాస్టారు:
ఉన్నాయండీ. రోజుకు 1,667 మాటలంటే చేతిరాతలో పది పన్నెండు పేజీలు. అన్ని పేజీలు రాయలేమని కాదు, ఆ తొందరలో తెలుసుకోవలసింది తెలుసుకోకుండానే రాస్తామని నా భయం. కందుకూరు వైపు పొగాకు రైతు కథే తీసుకోండి. పొగాకును వేడితో ఆరబెట్టే కొట్టం, అదే బ్యారన్‌లో, ఆకు పసుపు తిరిగేదాకా ఎంత వేడి ఉండాలి, ఈనె ఎండే వేళకు ఎంతకు పెంచాలి, ఆ రాత్రుళ్లు మంట దగ్గర కాపలా ఉన్నవాళ్లు ఏమేం మాట్లాడుకుంటారు అన్నవి అక్కడ కూర్చున్నవాడికే తెలుస్తాయి. లెక్క కోసం రాసేవాడు ‘రాత్రంతా మేలుకున్నాడు’ అని ఒక్క వాక్యంతో దాటేస్తాడు. పైగా ఇంగ్లీషులో నాలుగైదు మాటలయ్యేది మనకు ఒక్క క్రియలో ఇమిడిపోతుంది కనుక, 50,000 అన్న కొలత తెలుగులో మరింత బరువు.

పెన్నా ఒడ్డు:
మాస్టారూ, కొలత తగ్గించుకుందాం, అందులో పేచీ లేదు. బ్యారన్ సంగతిలో మాత్రం మీతో ఏకీభవించలేను. విశ్వనాథ సత్యనారాయణ గారు ‘వేయిపడగలు’ను 1934లో 29 రోజుల్లో పూర్తిచేశారని ప్రసిద్ధి, ఆంధ్ర విశ్వకళాపరిషత్తు పోటీలో అడివి బాపిరాజు గారి ‘నారాయణరావు’తో పాటు బహుమతి పంచుకున్న నవల అది. ఆ 29 రోజుల వెనుక దాదాపు నలభై ఏళ్ల జీవితం ఉంది. మన ఊళ్లలోనూ ఏళ్ల తరబడి కథను మనసులో మోస్తూ, మొదటి అధ్యాయాన్నే దిద్దుకుంటూ, రెండోదానికి రానివాళ్లు ఎంతమందో ఉన్నారు. నాకు బాధ వాళ్ల గురించే. తెలియని చోట పక్కన గీత గీసి ‘అడగాలి’ అని రాసుకుని ముందుకు సాగితే, నెలాఖరుకు అడగవలసినవన్నీ ఒకచోట ఉంటాయి. అవి చేతపట్టుకుని బ్యారన్ దగ్గరికి వెళ్లినవాడికి, ఊరికే చూసిరావడానికి వెళ్లినవాడి కంటే ఎక్కువే దొరుకుతుంది.

కోవూరు రైతుబిడ్డ:
నవంబరు మాత్రం వద్దండీ. డెల్టాలో నాట్ల పనులు, పైన తుఫాన్ల భయం. చేను తెలిసినవాళ్లు రాయాలంటే నెల మార్చండి.

ఒంగోలు మాస్టారు:
గీత గీసి సాగిపోవడమన్నది ఆలోచించదగ్గ మాటే. నెలలో వచ్చినదాన్ని చిత్తుప్రతి అనే పిలవాలని, ఆరు నెలలు గడవనిదే ఎవరూ అచ్చుకు ఇవ్వకూడదని నియమం పెడితే నేనూ చేరతాను. మే నెలయితే బడులకు సెలవులు.

కోవూరు రైతుబిడ్డ:
మేలో కొందరికి ఎడగారు (వేసవిలో వేసే వరి) పనులుంటాయి. అయినా ఆ ఎండలకు మధ్యాహ్నం చేలో ఎవరూ నిలవరు కాబట్టి, ఆ పూట రాసుకోవచ్చు.