వయసు మీద పడినాక బీటా కణాలు మళ్ళీ పుడతాయా?

తుంగభద్ర గట్టు (కర్నూలు):
స్ట్రెప్టోజోటోసిన్‌తో (బీటా కణాలను చంపే రసాయనం) క్లోమంలో ఇన్సులిన్ చేసే బీటా కణాలు చచ్చినాక పడుచు ఎలుక కొంత తేరుకుంటుంది, ముసలి ఎలుక తేరుకోదు. ఎందుకు? ఇంకోటి, 60 దాటినవాళ్ళ సి-పెప్టైడ్ (ఇన్సులిన్‌తో పాటే రక్తంలోకి వచ్చే ముక్క) పెరిగిన రిపోర్టు చూపించి "కొత్త కణాలు పుట్టినాయి" అని పొడులు అమ్ముతున్నారు. ఆ లెక్క నిలుస్తుందా?

పెన్నేటి ఇసుక (కడప):
2004లో హార్వర్డ్‌లో మెల్టన్ బృందం కణాలకు గుర్తు పెట్టి చూసింది. పెద్ద ఎలుకలో కొత్త బీటా కణం మూలకణం నుంచి కాదు, పాత బీటా కణం చీలితేనే ప్రధానంగా వస్తోంది. కాబట్టి చీలిక ఆగితే కథ ఆగినట్టే. ఆపేది పి16 ప్రొటీన్: చీలికను నడిపే సీడీకే4, సీడీకే6 ఎంజైములను పట్టుకొని కణాన్ని జీ1 (చీలికకు ముందరి) దశ దాటనీయదు. చిన్న వయసులో ఈజెడ్‌హెచ్2, బీఎంఐ1 అనే ప్రొటీన్లు పి16 జన్యువుకు తాళం వేసి ఉంచుతాయి. వయసుతో అవి తగ్గుతాయి, తాళం ఊడుతుంది. పీడీజీఎఫ్ అనే పెరుగుదల సంకేతాన్ని అందుకునే రిసెప్టర్లూ తగ్గుతాయి, అంటే చీలమనే కబురు కూడా అందదు. పి16ను తీసేద్దామంటే అది కేన్సర్‌కు కూడా బ్రేకు!
మనుషుల్లో ఇంకా కఠినం. చీలిక ఎక్కువగా పసితనంలోనే. 30 దాటినాక దాదాపు ఉన్నవాటితోనే బతుకు.

రక్తం ట్యూబు (అనంతపురం):
రిపోర్టు సంగతి నేను చెప్తా. సి-పెప్టైడ్ కణాలను లెక్కపెట్టదు, ఆ పూట ఎంత ఇన్సులిన్ విడుదలైందో చెప్తుంది. షుగర్ 95 ఉన్నప్పుడు, 180 ఉన్నప్పుడు తీస్తే అదే మనిషికి వేరే అంకెలు వస్తాయి. కిడ్నీ మందగిస్తే బయటికి పోక పెరుగుతుంది, అందుకే ఈ వయసులో క్రియాటినిన్ (కిడ్నీ పరీక్ష) చూడకుండా నమ్మొద్దు. ఇన్సులిన్‌ను బయటికి తోసే షుగర్ మాత్ర గ్లిమెపిరైడ్ వేసుకున్నా పెరుగుతుంది. జుట్టుకని బయోటిన్ మింగితే కొన్ని మెషీన్లలో దొంగ తక్కువ వస్తుంది. ఆ బయోటిన్ ఆపి మళ్ళీ పరీక్ష చేయిస్తే "పెరిగినట్టే" కనపడుతుంది, పొడికి పేరొస్తుంది.
పోల్చాలంటే 8–10 గంటల పరగడుపు, అదే ల్యాబు, అవే మందులు, అదే పోటులో గ్లూకోజ్ కూడా.

తుంగభద్ర గట్టు:
మరి బరువు తగ్గి షుగర్ మాత్రలు మానేసినవాళ్ళు?

పెన్నేటి ఇసుక:
అది పుట్టడం కాదప్పా, పడకేసినవి లేవడం. ఎక్కువ షుగర్, కొవ్వు మధ్య బీటా కణం చావకుండానే తన గుర్తింపు పోగొట్టుకుంటుంది, భారం దిగితే కొన్ని తిరిగి పనిలోకొస్తాయి. టైప్ 2 షుగర్ ఉన్నవాళ్ళ బరువు తగ్గించి చూసిన బ్రిటన్ డైరెక్ట్ ట్రయల్‌లో 15 కిలోలు, ఆపైన తగ్గినవాళ్ళలో 86 శాతం మందికి ఏడాదికి మందుల్లేకుండా షుగర్ అదుపులోకొచ్చింది. వాళ్ళంతా రోగం బయటపడి ఆరేళ్ళ లోపువాళ్ళే, అది మరవొద్దు. సంగటి ముద్ద సగం చేసి గ్లిమెపిరైడ్ పాత డోసే మింగితే షుగర్ పడిపోతాది. ముందు డాక్టరుతో డోసు తగ్గించుకోవాల.

రక్తం ట్యూబు:
ఇంకో దారి కూడా ఉంది. ఎలుకల్లో బీటా పక్కనే ఉండే ఆల్ఫా కణాలు కొన్ని ముసలితనంలోనూ బీటాగా మారతాయి, నెమ్మదిగా, కొద్దిగా. అక్కడే ఉండే డెల్టా కణాలు మారి దాదాపు పూర్తిగా కోలుకోవడం మాత్రం ఈడు రాకముందే. 2015లో హార్మీన్ అనే పదార్థం డీవైఆర్‌కే1ఏ ఎంజైమును ఆపి గాజుపాత్రలో మనిషి బీటా కణాలను చీలేలా చేసింది. ఆ ఎంజైము మెదడులోనూ ఉంది, హార్మీన్ బుర్ర మీద పనిచేస్తుంది, వాంతులూ తెస్తుంది. పొడి డబ్బాలో అది దొరికినా మింగే సరుకు కాదు.