ఫ్రెంచిలో మామూలు ప్రశ్నలు: 'ఊ వా త్యు' అనాలా, 'త్యు వా ఊ' అంటే చాలా?

కూకట్‌పల్లి_కుర్రాడు:
టెఫ్ కెనడాకి (కెనడా వలసకి రాసే ఫ్రెంచి పరీక్ష) చదువుతున్నా. 'ఎక్కడికెళ్తున్నావు' అనడానికి పుస్తకంలో 'ఊ వా త్యు' ఉంది. క్లాసులో మధ్యలో 'ఎస్క' అనే ప్రశ్న ముక్క పెట్టి 'ఊ ఎస్క త్యు వా' అంటున్నారు. వీడియోల్లో 'త్యు వా ఊ' వినిపిస్తోంది. నోటితో అడిగేటప్పుడు ఏది వాడాలి?

మాంట్రియల్_మిర్చి:
మూడోది, ఆలోచించకు. మామూలు వాక్యం చెప్పి ప్రశ్న పదాన్ని చివర తగిలించు. ధర అడగాలా, 'సే కొంబ్యాఁ'. వయసా, 'తా కెలాజ్'. త్యు (నువ్వు) తర్వాత అచ్చు వస్తే దాని చివరి అచ్చు మింగేస్తారు: త్యు ఆ కాస్తా తా, త్యు ఎ కాస్తా తె. అవును-కాదు ప్రశ్నకి అసలు పదమే అక్కర్లేదు. 'త్యు వ్యాఁ?' అని చివర్లో గొంతు లేపితే 'వస్తున్నావా' అయిపోయింది.

పంతులమ్మ_ఫ్రాన్సే:
ఇలాంటి సలహాలు విని వచ్చినవాళ్లే 'క్వా త్యు ఫే' అంటారు. 'ఏం చేస్తున్నావు'లో 'ఏం' ముందుంది కదా అని క్వా ముందు పెట్టేస్తారు. అది కుదరదు. ముందు పెడితే 'కెస్క త్యు ఫే', చివర పెడితేనే 'త్యు ఫే క్వా'. ఇంకొందరు రెండు పద్ధతులూ కలిపి 'ఎస్క త్యు వా ఊ' అంటారు, అదీ తప్పే. ఎస్క సరిగ్గా పట్టుకుంటే ఈ గోలే లేదు.

మాంట్రియల్_మిర్చి:
కెస్క వద్దని నేనన్నానా మేడమ్? 'త్యు వా ఊ' తప్పా కాదా, అది చెప్పండి.

పంతులమ్మ_ఫ్రాన్సే:
తప్పు అనలేదు. మర్యాద కాదు అన్నాను.

గోంగూర_క్రోసాఁ:
ఎక్కడన్నారండీ? పైన వెతికా, లేదు 😀

యానాం_బుల్లోడు:
మర్యాదకీ దీనికీ సంబంధం లేదు. మర్యాదంతా త్యు, వూ దగ్గరే ఉంది, మన నువ్వు, మీరులాగే. పక్కింటి పెద్దావిడని 'వూజాలే ఊ' అని అడగొచ్చు, ఏమీ అనుకోదు. వరస ఎంత గ్రంథంలా పెట్టినా 'త్యు' అంటేనే చిరాకు. గొంతు మాత్రం జాగ్రత్త. చివరనున్న ఊ మీద బాగా పైకి లేపితే 'ఏంటీ, ఎక్కడికీ?' అని ఆశ్చర్యపోయినట్టు వినిపిస్తుంది.

మాంట్రియల్_మిర్చి:
అద్గదీ. పైగా ఇక్కడ క్యూబెక్‌లో ఇంకోటుంది. 'సే త్సు ల్వాఁ?' అంటే 'దూరమా?' అని. ఆ 'త్సు' నువ్వు కాదు, మన 'వస్తాడా'లో 'ఆ' లాంటిది. 'ఇల్ వ్యాఁ త్సు?' అంటే వస్తాడా.

పంతులమ్మ_ఫ్రాన్సే:
అది పరీక్షలో వాడమంటారా?

మాంట్రియల్_మిర్చి:
పరీక్ష ఊసు నేనెత్తలేదు. మీకు భాషంటే పరీక్షే.

పంతులమ్మ_ఫ్రాన్సే:
అబ్బాయి మొదటి ముక్కే 'టెఫ్ కెనడా'! చదవకుండా పాఠం చెప్తున్నది మీరు. మీరు కొట్టు కౌంటర్ దగ్గర నిలబడి మాట్లాడుతున్నారు, నేను రికార్డయ్యే గది గురించి మాట్లాడుతున్నాను. కౌంటర్లో వరస తప్పినా బ్రెడ్డిస్తారు.

యానాం_బుల్లోడు:
ఈ ముక్క మొదట్లోనే చెప్పుంటే ఇంత తగువు ఉండేది కాదు. ఆ గదిలోనూ రెండూ కావాలి. సెక్షన్ ఏ 5 నిమిషాలు, ప్రకటన చూసి తెలియనివాళ్లకి ఫోన్ చేసినట్టు వివరాలడగాలి: వూ, ఎస్క, మధ్యమధ్యలో 'జ వూద్రే సవ్వార్' (తెలుసుకోవాలనుంది). అది పెట్టాక ఎస్క తీసేయాలి: 'జ వూద్రే సవ్వార్ సి వూజవే...' (మీ దగ్గర ఉందేమో తెలుసుకోవాలనుంది). సెక్షన్ బి 10 నిమిషాలు, స్నేహితుణ్ణి ఒప్పించాలి. అక్కడ త్యు, మిర్చి చెప్పిన వరస. స్నేహితుడితో 'ఊ వా త్యు' అంటే పద్యం చదివినట్టుంటుంది.

పంతులమ్మ_ఫ్రాన్సే:
సెక్షన్ బి వరకూ ఒప్పుకుంటాను. కానీ 'ఎందుకు' అనే పుర్క్వాని మాత్రం చివరకి తోయకండి. వినిపిస్తుంది, కాదనను. ముందుంటేనే సహజం.

కూకట్‌పల్లి_కుర్రాడు:
అందరికీ థాంక్స్. 'ఎందుకు తటపటాయిస్తున్నావు' అనాలంటే 'ఎస్క పుర్క్వా త్యు ఎజిత్', కరెక్టేనా?

పంతులమ్మ_ఫ్రాన్సే:
వరస తిరగబడింది. 'పుర్క్వా ఎస్క త్యు ఎజిత్'.

మాంట్రియల్_మిర్చి:
ఎస్క తీసి పక్కన పెట్టు. 'పుర్క్వా తెజిత్?'

పంతులమ్మ_ఫ్రాన్సే:
మళ్లీ మొదలెట్టారా.