ఫొటో ఒక్కటే ఉంటే ‘తొలి నమోదు’ అని రాయవచ్చా?

మట్టికోట (ఖిలా వరంగల్):
మా చూరు కింద సన్ననడుము కందిరీగ కట్టుకున్న మట్టిగూడు ఒకటి ఉంది. ఆదివారం ఉదయం దాని చుట్టూ మరో కందిరీగ తచ్చాడుతూ కనిపించింది. నెమలి కంఠం రంగు, దాదాపు రెండు సెంటీమీటర్ల పొడవు. కోకిల కాకిగూటిలో గుడ్డు పెట్టినట్టే ఇది పరాయి గూటిలో గుడ్డు పెడుతుంది. అందుకే కోకిల కందిరీగ. స్టిల్బమ్ సయాన్యూరమ్ అని పోల్చుకుని, ఫోనుతో తీసిన మూడు ఫొటోలను ఐనాచురలిస్ట్‌లో (చూసిన జీవులను ఫొటోలతో నమోదు చేసే వెబ్‌సైటు) పెట్టాను. ‘జిల్లాలో తొలి నమోదు’ అని రాస్తే ఒక మిత్రుడు అభ్యంతరం చెప్పాడు. పురుగును పట్టి, సూదికి గుచ్చి దాచనిదే అది లెక్కలోకి రాదట. మీరేమంటారు?

జంతుశాస్త్రం మేడమ్ (హనుమకొండ):
నేను మీ మిత్రుడి పక్షమే. ముందుగా రంగును పక్కన పెట్టండి. ఆ మెరుపు రంగుపదార్థం వల్ల వచ్చేది కాదు, పైపెంకులోని పలుచని పొరల మీద వెలుగు ఆడే ఆట. ఈ ఒక్క జాతిలోనే నీలం, ఆకుపచ్చ, రాగి ఛాయలు కనిపిస్తాయి. ఈ కోకిల కందిరీగల కుటుంబమైన క్రైసిడిడేలో రెండున్నర వేల దాకా జాతులున్నాయి. పొట్ట చివరి అంచున పళ్లు ఎన్ని, ముఖం మీది గుంట ఎలాంటిది, పొట్ట అడుగున నల్లమచ్చలు ఏ ఆకారంలో ఉన్నాయి, ఇవి చూసి వాటిని విడదీయాలి. పైనుంచి తీసిన మీ ఫొటోల్లో వీటిలో ఒక్కటైనా కనిపిస్తోందా? యూరప్‌లో క్రైసిస్ ఇగ్నిటా అని ఏళ్ల తరబడి ఒకే పేరుతో పిలిచినవి, ఒకదాన్నొకటి పోలిన ఎన్నో జాతులని తర్వాత తేలింది. దాచిన నమూనాలు ఉంటేనే అలా మళ్లీ పెట్టె తెరిచి సరిచూడగలం. ఫొటోలోని పురుగును యాభై ఏళ్ల తర్వాత ఎవరు తిప్పి చూడగలరు?

పాకాల దారి (నర్సంపేట):
మేడమ్, పాకాల, ఏటూరునాగారం అభయారణ్యాల్లో అనుమతి లేకుండా పురుగును పట్టుకెళ్లడానికి 1972 నాటి వన్యప్రాణి చట్టం ఒప్పుకోదు. మరి మాలాంటివాళ్లం అక్కడ చూసినదంతా గాలికి పోవలసిందేనా? ఫొటోకు విలువ ఉంది. అయితే ‘తొలి’ అన్న మాట నాకూ నచ్చలేదు. 2014కు ముందు రాసిన ఏ నమోదులోనూ తెలంగాణ రాష్ట్రం ఉండదు. వరంగల్ జిల్లా 2016లో ముక్కలైంది, 2019లో ములుగు వేరైంది, 2021లో హనుమకొండ పేరు వచ్చింది. ఇందులో ఏ జిల్లాకు తొలి? తేదీ, అక్షాంశ రేఖాంశాలు, గూడు ఎవరిదో రాయండి. అవి గీతలు మారినా నిలుస్తాయి.

మట్టికోట:
నిన్న మళ్లీ వచ్చింది. ఈసారి గోడకు ఆనుకుని పక్కనుంచి, వెనకనుంచి తీశాను. పొట్ట చివర నాలుగు పళ్లు లెక్కపెట్టవచ్చు. వీపు వెనుక దొప్పలా పొడుచుకువచ్చిన భాగమూ పడింది. సీసా చేతిలో ఉన్నా మూయడానికి మనసు రాలేదు, మేడమ్.

జంతుశాస్త్రం మేడమ్:
దొప్ప స్పష్టంగా ఉంది. స్టిల్బమ్ అన్న ప్రజాతి పేరు వరకు ఒప్పుకుంటాను. జాతి పేరు మాత్రం ఫొటో మీద ఖాయం చేయను. గూడు ఖాళీ అయ్యాక పారేయకండి. బయటికి రాలేక గూటి లోపలి గదిలోనే చనిపోయినవి ఒక్కోసారి దొరుకుతాయి. అదీ నమూనాయే, దేన్నీ చంపనక్కరలేదు.

పాకాల దారి:
దొరికితే మంచిదే. దొరకకపోయినా ఆదివారం ఆ పురుగు అక్కడ ఉన్నమాట అబద్ధం కాదు కదా! ఆ పంక్తి చెరిపేయకండి సార్.

మట్టికోట:
చెరపను. ‘తొలి’ తీసేసి స్టిల్బమ్ అని మాత్రమే ఉంచాను. బతుకమ్మ ముందు సున్నాలు వేసేటప్పుడు మా ఇంట్లో గూళ్లన్నీ గోకేస్తారు. ఈ ఏడు చూరు కింది ఆ మూల వదిలేయమని అమ్మతో చెప్పాను.