బ్విండి గొరిల్లాల దగ్గరికి మనం వెళ్లడం వాటికి మేలా, కీడా?

వేపపుల్ల:
ఉగాండాలోని బ్విండిలో గొరిల్లాలను గంటసేపు చూసేందుకు విదేశీయులకు పర్మిట్ 800 డాలర్లు. ఆ డబ్బే అడవిని నిలబెడుతోందంటారు, సరే. నా పేచీ డబ్బుతో కాదు, దగ్గుతో. 1996లో అక్కడ ఒక గొరిల్లా గుంపుకి గజ్జి పట్టి పసికూన చచ్చిపోయింది. మనుషుల నుంచే అంటిందని అనుమానం. అసలు వాటిని మనిషికి అలవాటు చేయడమే తప్పు.

గోదారి గట్టు:
అలవాటైన గుంపుల వెంట ట్రాకర్లు, అంటే జాడ పట్టేవాళ్లు, రోజూ తిరుగుతారండీ. అడవిపందికి పెట్టిన ఉచ్చు గొరిల్లా చేతికి బిగుసుకుంటే వెంటనే తెలుస్తుంది, డాక్టర్ వచ్చి విప్పుతాడు. అలవాటు లేని గుంపుకి ఆ దిక్కు లేదు. 2018 నాటికి కొండ గొరిల్లాలు 1,063కి చేరాయంటే ఈ కాపలా వల్ల కూడా.

వేపపుల్ల:
కాపలాకి ట్రాకర్లు చాలు కదా. గుంపుకి రోజూ 8 మంది టూరిస్టులెందుకు?

గోదారి గట్టు:
ట్రాకర్ జీతం ఎవరిస్తారు మరి?

నల్లమల నడక:
అసలు సంగతి ఇద్దరూ వదిలేశారు. రూలు ప్రకారం 10 మీటర్ల దూరం, మాస్కు, 15 ఏళ్లు నిండాలి. కాగితం మీద బాగానే ఉంది. అక్కడ నేలంతా వాలు, నడుం దాకా తీగలు. గైడ్ కత్తితో నరికిన సందులోంచే గొరిల్లా కనపడేది. వెనకున్నవాళ్లు ఫోన్లు పట్టుకుని తోసుకొస్తే 10 మీటర్లు కాస్తా 4 అవుతుంది. ఎక్కేటప్పుడు రొప్పి, చెమటకి తడిసిన మాస్కు ముక్కు కిందికి జారుతుంది. అందుకే గొరిల్లాల దగ్గరికి వెళ్లేముందు సంచులూ కర్రలూ వదిలేసే చోట కొత్తది మార్చాలి. 3 మాస్కులు పెట్టుకోండి. వాల్వున్నది వద్దు: అది మన ఊపిరిని వడకట్టకుండానే బయటికి వదులుతుంది.

జలుబుంటే రావద్దనీ రూలుంది. 800 డాలర్లు కట్టి అంత దూరం వచ్చాక తుమ్ములొస్తున్నాయని ఎవడు చెప్తాడు? చిల్లు అక్కడుంది. పూర్తి డబ్బు వెనక్కిస్తేనే నిజం బయటికొస్తుంది.

వేపపుల్ల:
నేననేదీ అదే. చింపాంజీలైతే ఫర్వాలేదనుకునేవాళ్లు ఇది చూడండి: 2013లో ఉగాండాలోనే కిబాలే అడవిలోని కన్యావారా చింపాంజీ గుంపులో 56కి 5 పోయాయి. కారణం రైనోవైరస్ సి, మన పిల్లలకి జలుబు తెచ్చే బాపతే. అది టూరిస్టుల గుంపు కూడా కాదు, పరిశోధకులు వెళ్లేది.

నల్లమల నడక:
అంటే టూరిస్టుల్ని ఆపినా సరిపోదని మీరే చెప్తున్నారు! మాస్కు ట్రాకర్‌కీ, పరిశోధకుడికీ కూడా ఉండాలి.

గోదారి గట్టు:
ఈలోగా వెళ్లేవాళ్లు ఎల్లో ఫీవర్ టీకా ప్రయాణానికి 10 రోజుల ముందే వేయించుకోండి. హైదరాబాద్‌లో నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్)లో వేస్తారు. ఆ టీకా కార్డు లేకుండా తిరిగొస్తే ఇక్కడ 6 రోజుల దాకా క్వారంటైన్.